పాట మధ్యలో వచ్చి వెళ్ళిపోయేవాడు

నిన్న మా పై ఫ్లోర్ వాళ్ళు కొత్త ఏసీ తెచ్చుకున్నారు. లిఫ్ట్ పాడై నాలుగు రోజులైంది. ఇద్దరు కుర్రాళ్ళు ఆ పెట్టెని మెట్ల మీదుగా మోసుకొస్తుంటే మలుపులో నేను ఎదురుపడ్డాను. కూరగాయల సంచి పట్టుకుని కిందికి దిగుతున్నదాన్ని, మళ్ళీ వెనక్కి మా ఫ్లోర్ దాకా ఎక్కేసి, తలుపుకి ఆనుకుని నిలబడి వాళ్ళకి దారిచ్చాను. "అంత అక్కర్లేదు మేడమ్, కొంచెం పక్కకి జరిగితే సరిపోయేది" అన్నాడు ఒకబ్బాయి, ఆయాసపడుతూనే నవ్వి.

ఏసీ మోస్తున్న మనిషికి అడ్డం నిలబడాలంటే నాకు భయం. దానికి కారణం, నేను పుట్టకముందే పోయిన ఒక అమెరికన్ శాక్సఫోన్ వాయిద్యకారుడు. పేరు కింగ్ కర్టిస్. ఆ ఏసీ సంగతి తర్వాత చెప్తాను. ముందు ఇర్వింగ్‌లోని లాండ్రీ రూము గురించి చెప్పాలి.

అది 2004. పెళ్ళయి ఆరు నెలలు. హెచ్‌ఫోర్ వీసా మీద టెక్సాస్ వెళ్ళాను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి, జూనియర్ కాలేజీలో రెండేళ్ళు పాఠాలు చెప్పి, అక్కడికెళ్ళాక కాగితాల్లో డిపెండెంట్‌నయ్యాను. ఉద్యోగం చెయ్యకూడదు, కారు నడపడం రాదు. మా ఆయన ఎనిమిదింటికి వెళ్తే మళ్ళీ రాత్రి ఏడింటికే. ఫ్రిజ్ చప్పుడు తప్ప మరో చప్పుడు లేని ఇల్లు. అందుకని బట్టలు ఎక్కువ లేకపోయినా వారానికి మూడుసార్లు లాండ్రీ రూముకి వెళ్ళేదాన్ని. మిషన్లలో వెయ్యడానికి క్వార్టర్ నాణాలు, అంటే పావు డాలర్లు, ఖాళీ పచ్చడి సీసాలో దాచేదాన్ని. ఎన్నిసార్లు కడిగినా ఆ సీసా వాసన పోలేదు, నాణాలకీ ఆవపిండి వాసన పట్టింది.

అక్కడ ఒక పెద్దావిడ పరిచయమైంది. నల్లజాతి మనిషి, అరవై దాటి ఉంటుంది. ఆవిడతో పాటు ఒక చిన్న రేడియో కూడా వచ్చేది. దాన్ని డ్రయ్యర్ మీద పెట్టి పాత పాటల స్టేషన్ తిప్పేది. నా ఇంగ్లీషు ఆవిడకి, ఆవిడ ఇంగ్లీషు నాకు సగం సగమే అర్థమయ్యేవి. అయినా గంటలు గడిచిపోయేవి.

ఒకరోజు పెద్ద దుప్పటి మడతపెట్టడానికి నన్ను సాయం పిలిచింది. ఒక అంచు ఆవిడ చేతిలో, ఒక అంచు నా చేతిలో. ఒకరికొకరం ఎదురు నడుస్తూ, మళ్ళీ వెనక్కి జరుగుతూ మడతపెడుతున్నాం. రేడియోలో అరీతా ఫ్రాంక్లిన్ 'రెస్పెక్ట్' వస్తోంది. ఆ పాట నాకూ తెలుసు, తెలియనివాళ్ళు తక్కువే. పాట సగంలోకి వచ్చేసరికి ఆవిడ ఉన్నచోటే ఆగిపోయింది. దుప్పటి కొసలు రెండూ ఎడమచేతిలోకి మార్చుకుని కుడిచేతి చూపుడువేలు పైకెత్తింది.

"ఇదిగో, ఇక్కడ విను."

శాక్సఫోన్. అప్పటిదాకా ఒక వీధిలో పోతున్న పాట ఉన్నట్టుండి సందు తిరిగి ఇంకో వీధిలోకి వచ్చినట్టైంది. పదిహేను, పదహారు సెకన్లు, అంతే. అరీతా మళ్ళీ అందుకుంది. ఆవిడ వేలు దించేసి, "అయిపోయింది" అని దుప్పటి మిగతా మడత వేసింది.

"ఎవరండీ అది?" అని అడిగాను.

"కర్టిస్. మా ఫోర్ట్‌వర్త్ అబ్బాయి" అంది, పక్కింటివాళ్ళ కొడుకు గురించి చెప్పినట్టు.

చిన్నప్పుడు నాలుగేళ్ళు వీణ నేర్చుకున్నాను. గొప్పగా ఏమీ రాలేదు కానీ చెవికి కొంచెం పదును మిగిలింది. ఆ ముక్క పాట శ్రుతిలో లేదని మొదటిసారే అనుమానం వచ్చింది. తర్వాత చదివితే తెలిసింది. 'రెస్పెక్ట్' అసలు ఓటిస్ రెడ్డింగ్ 1965లో రాసి పాడిన పాట. అందులో మధ్యలో మలుపు లేదు. 1967 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లోని అట్లాంటిక్ స్టూడియోలో అరీతాతో రికార్డు చేస్తున్నప్పుడు అక్కడ ఏదో ఒకటి ఉండాలనిపించి, శామ్ అండ్ డేవ్ పాడిన వేరే పాట నుంచి స్వరాల వరస తెచ్చి అతికించారు. దానికీ, అసలు పాట శ్రుతికీ చుట్టరికమే లేదు. దాని మీద కర్టిస్ ఎనిమిది బార్లు, మన లెక్కలో ఎనిమిది తాళావర్తాల్లాంటివి, వాయించాడు. అతుకు కనిపించకపోవడానికి కారణం ఆయనే అని నా నమ్మకం. మనవైపు చీరకి అంచు మార్చి కుట్టే టైలర్లు కొందరుంటారు, ఎక్కడ కలిపారో వెతికినా దొరకదు. అలాగన్నమాట.

ఆ వారమే నడుచుకుంటూ లైబ్రరీకి వెళ్ళాను. సీడీలు ఉచితంగా ఇస్తారని అప్పుడే తెలిసింది. సీడీ లోపలి చిన్న పుస్తకంలో, చీమ తలకాయంత అక్షరాల్లో, ఎవరు ఏ వాయిద్యం వాయించారో రాసుంటుంది. నాకదే పనైపోయింది. ఏ పాత ఆల్బమ్ తెచ్చినా ముందు ఆ చీమలబారు చదవడం, 'కింగ్ కర్టిస్, టెనర్ శాక్సఫోన్' అని కనిపిస్తే నోటుబుక్‌లో రాసుకోవడం. మూడు నెలల్లో నలభై పేజీలు నిండాయి. మా ఆయన చూసి, "పీహెచ్‌డీ చేస్తున్నావా?" అన్నారు. అప్పుడు కోపమొచ్చింది. ఇప్పుడనిపిస్తుంది, ఒక రకంగా అదే చేశానని.

కర్టిస్ 1934 ఫిబ్రవరి 7న ఫోర్ట్‌వర్త్‌లో పుట్టాడు. కర్టిస్‌నీ వాళ్ళ అక్కచెల్లెలినీ ఔస్లీ దంపతులు పెంచుకున్నారు. పెరిగింది పక్కనున్న మాన్స్‌ఫీల్డ్‌లో. పన్నెండేళ్ళకి శాక్సఫోన్ పట్టాడు. మాన్స్‌ఫీల్డ్‌లో అప్పట్లో నల్లపిల్లలకి హైస్కూలు లేదు. ఫోర్ట్‌వర్త్‌లో ఉన్న ఐ.ఎం. టెరెల్ హైస్కూలుకి పోవాల్సిందే. ఆయన ఊరొదిలి వెళ్ళిపోయాక, 1956లో, కోర్టు ఆర్డరు పట్టుకుని నల్లపిల్లలు మాన్స్‌ఫీల్డ్ స్కూల్లో చేరబోతే, తెల్లవాళ్ళు గుంపుగా వచ్చి బడి ముందు దిష్టిబొమ్మ వేలాడదీశారు. పిల్లలు మళ్ళీ ఫోర్ట్‌వర్త్ బస్సే ఎక్కారు.

ఆ టెరెల్ స్కూలు సంగతి మాత్రం విచిత్రం. ఒకే బడి నుంచి ముగ్గురు శాక్సఫోన్ వాళ్ళు, ఆర్నెట్ కోల్‌మన్, డ్యూయీ రెడ్‌మన్, కింగ్ కర్టిస్ వచ్చారు. కోల్‌మన్, కర్టిస్ కలిసి వాయించిన రోజులున్నాయి. తర్వాత కోల్‌మన్ జాజ్ వ్యాకరణాన్నే తిరగరాసి పండితుల మధ్య పదేళ్ళ గొడవ పెట్టాడు. కర్టిస్ హోటళ్ళలో నాణెం వేస్తే పాట వినిపించే జూక్‌బాక్సుల్లోకి వెళ్ళాడు. పుస్తకాల్లో మొదటాయనకి అధ్యాయాలు, రెండో ఆయనకి పేరాలు. నాకు పేరాలంటేనే ఇష్టం.

2005లో ఒక శనివారం మాన్స్‌ఫీల్డ్ చూద్దామని మా ఆయన్ని వేధించి తీసుకెళ్ళాను. సెకండ్‌హ్యాండ్ కరోలా, చేతిలో మ్యాప్‌క్వెస్ట్ ప్రింటవుట్. నాలుగో పేజీ ఇంట్లో ప్రింటర్ దగ్గరే మర్చిపోయాను. హైవే మీద రెండుసార్లు ఒకే పెట్రోల్ బంకు దగ్గర తేలాం. చివరికి ఊళ్ళోకి వచ్చాం. వెడల్పాటి రోడ్లు, కొత్తగా కడుతున్న ఇళ్ళు, ఎండ. "ఇప్పుడేం చూడాలి?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఒక చెట్టు కింద కారు ఆపి పులిహోర తిని, కారు సీడీలో 'సోల్ సెరెనేడ్' పెట్టుకుని వెనక్కి వచ్చేశాం. 1964లో లూథర్ డిక్సన్‌తో కలిసి కర్టిస్ కట్టిన ట్యూన్ అది. పులిహోరకి బాగా నప్పింది, ఎందుకో చెప్పలేను.

స్కూలవగానే స్కాలర్‌షిప్పులు వచ్చినా కర్టిస్ కాలేజీకి వెళ్ళలేదు, లయొనెల్ హాంప్టన్ జాజ్ బ్యాండులో చేరాడు. టెక్సాస్ శాక్సఫోన్ కుర్రాడికి అంతకంటే పెద్ద కొలువు లేదు. 1942లో అదే బ్యాండులో హ్యూస్టన్‌లో పెరిగిన ఇల్లినాయ్ జాకే 'ఫ్లయింగ్ హోమ్'లో వాయించిన సోలో ఆ తరానికంతా పాఠం. గొంతు చించుకుని అరిచినట్టు, ఏడ్చినట్టు, ఎవరినో పేరుపెట్టి పిలిచినట్టు ఉండే శబ్దం. టెక్సాస్ టెనర్ అంటారు. కర్టిస్ ఆ శబ్దాన్ని సంచిలో వేసుకుని 1952లో న్యూయార్క్ చేరాడు. అక్కడ స్టూడియోల్లో కూలికి వాయించడం మొదలుపెట్టాడు. ఇవాళ ఈ గాయకుడికి, రేపు ఇంకో గాయనికి. పాట వాళ్ళది, పేరు వాళ్ళది, మధ్యలో ఆ కొన్ని సెకన్లు ఈయనవి.

1958లో కోస్టర్స్ అనే బృందం 'యాకెటీ యాక్' పాడింది. చెత్త బయట పారెయ్యి, గది ఊడువు అని సతాయించే అమ్మానాన్నల మీద పాట. దాని మధ్యలో కర్టిస్ వాయించిన ముక్కని, పెరట్లో కోడిపెట్ట గింజలు ఏరుకోవడంతో పోల్చొచ్చు. టక టక టక, మధ్యలో తల ఎత్తి ఒక చూపు, మళ్ళీ టక టక. రాక్ అండ్ రోల్‌లో శాక్సఫోన్ అంటే ఇలా ఉండాలని ఆ ముక్కతో ఖాయమైపోయింది. దాన్ని విని ముచ్చటపడి బూట్స్ రాండల్ఫ్ అనే ఆయన 'యాకెటీ శాక్స్' అని వేరే ట్యూన్ తయారుచేశాడు. అది మీకందరికీ తెలుసు. వాట్సాప్ వీడియోల్లో ఒకణ్ణి పదిమంది తరుముతుంటే వెనక వచ్చే ఆ హడావిడి ట్యూనే. బెన్నీ హిల్ కామెడీ షోలో వాడాక ప్రపంచమంతా పాకింది. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో వారానికొకటైనా వస్తుంది. తాతెవరో తెలియని మనవడు!

ఆ 1958లోనే రాక్ అండ్ రోల్ గాయకుడు బడ్డీ హోలీ కర్టిస్‌ని న్యూమెక్సికోలోని క్లోవిస్‌కి విమానంలో పిలిపించుకున్నాడు. కర్టిస్ రాసిన 'రెమినిసింగ్' పాటని ఇద్దరూ కలిసి రికార్డు చేశారు. పేరుకి అర్థం జ్ఞాపకాలు నెమరేసుకోవడం. తర్వాత అయిదు నెలలకే, 1959 ఫిబ్రవరి 3న, విమాన ప్రమాదంలో హోలీ పోయాడు. పాట బయటికి వచ్చింది 1962లో.

జాజ్ వాయించలేడని ఎవరైనా అనుకుంటారేమోనని కాబోలు, కర్టిస్ 1960లో ప్రెస్టీజ్ కంపెనీకి అచ్చమైన జాజ్ రికార్డులు చేశాడు. 'ద న్యూ సీన్ ఆఫ్ కింగ్ కర్టిస్', 'సోల్ మీటింగ్'. పక్కన నాట్ ఆడర్లీ, పియానో మీద వింటన్ కెల్లీ, మొదటి రికార్డులో బాస్ మీద పాల్ చాంబర్స్. చివరి ఇద్దరూ జాజ్ ట్రంపెట్ దిగ్గజం మైల్స్ డేవిస్ దగ్గరివాళ్ళు. మామూలు పక్కవాద్యం కాదది. ఆ రికార్డుల్లో పరుగు లేదు, తీరుబడి ఉంది. చాలామంది ఇవే ఆయన అసలు సత్తా అంటారు. నాకు మాత్రం, నిజం చెప్పాలంటే, ఏడు నిమిషాలు చేతికిచ్చిన కర్టిస్ కంటే ఎనిమిది బార్లే ఇచ్చిన కర్టిస్ ఎక్కువ నచ్చుతాడు. ఇరుకులో ఆయన ఒక్క స్వరం కూడా వృథా పోనివ్వడు. ఒకే గదిలో వంట, పడక, పూజ అన్నీ సర్దుకున్న ఇంటి ఇల్లాలిలాగా.

1962లో హార్లెమ్‌లో బాబీ రాబిన్సన్ కొత్తగా పెట్టిన ఎంజాయ్ రికార్డ్స్‌కి చేసిన 'సోల్ ట్విస్ట్' మొదటిసారి ఆయన సొంత పేరుని పైకి తెచ్చింది. రిథమ్ అండ్ బ్లూస్ చార్టులో నంబర్ వన్, పాప్ చార్టులో 17. అదే ఏడాది శామ్ కుక్ అనే గాయకుడు తన పార్టీ పాటలో ఆ రికార్డు పెట్టమని పేరుపెట్టి అడుగుతాడు. లాండ్రీ రూము పెద్దావిడకి ఈ సంగతి చెప్తే, "నాకు చెప్తావా? ఆ పాటకి నేను డాన్స్ చేశాను" అని నడుం మీద చెయ్యేసుకుని రెండడుగులు వేసి చూపించింది. తర్వాత మోకాలు పట్టుకుని కుర్చీలో కూలబడింది.

శామ్ కుక్ అంటే గుర్తొచ్చింది. 1963 జనవరిలో మయామీలో హార్లెమ్ స్క్వేర్ క్లబ్‌లో ఆయన పాడిన రాత్రి వెనక వాయించింది కర్టిస్ బృందం. చెమట వాసన కూడా వినిపించే రికార్డింగ్. కంపెనీకి అది మరీ మోటుగా అనిపించి దాచిపెట్టింది. 1985లో విడుదలయ్యేసరికి పాడినవాడూ లేడు, వాయించినవాడూ లేడు.

1965లో బీటిల్స్ అమెరికా పర్యటనకి వస్తే వాళ్ళకంటే ముందు స్టేజీ ఎక్కిన బృందాల్లో కర్టిస్‌దీ ఒకటి. షే స్టేడియంలో యాభై అయిదు వేలమంది ఆడపిల్లలూ మగపిల్లలూ బీటిల్స్ కోసం అరుస్తుంటే శాక్సఫోన్ వాయించి ఒప్పించడం ఎంత కష్టమో! మరుసటి ఏడు ఆయన బ్యాండులో కొన్నాళ్ళు గిటార్ వాయించిన కుర్రాడి పేరు జిమీ హెండ్రిక్స్. ఆ పక్కనే కార్నెల్ డుప్రీ అని ఇంకో గిటార్ ఆయన, మళ్ళీ ఫోర్ట్‌వర్తే. మనవాళ్ళు అమెరికాలో కంపెనీ పెట్టగానే ఊరివాళ్ళని పిలిపించుకున్నట్టు.

1967లో 'మెంఫిస్ సోల్ స్టూ'. ఇది నాలాంటి వంటింటి మనుషుల కోసమే పుట్టిందనిపిస్తుంది. హోటల్లో ఈరోజు స్పెషల్ చెప్తున్నట్టు మొదలుపెడతాడు. అరకప్పు బాస్ గిటార్ వెయ్యమంటాడు, బాస్ మొదలవుతుంది. తర్వాత ఒక పౌను డ్రమ్స్. నాలుగు చెంచాల మరిగే గిటార్లు. చిటికెడు ఆర్గాన్. ఒక్కొక్కటీ పడుతుంటే పాట చిక్కబడుతూ వస్తుంది. అన్నీ పడ్డాక పొయ్యిమీద పెట్టి మరగనివ్వమని, అప్పుడు తన శాక్సఫోన్ అందుకుంటాడు. మా అమ్మమ్మ పులుసు పెట్టే పద్ధతే, తాలింపు ఆఖర్న. ఉప్పు సంగతి మాత్రం ఎక్కడా చెప్పడు.

ఆ ఏడాదే అరీతా అట్లాంటిక్ రికార్డు కంపెనీకి పాడడం మొదలుపెట్టింది. అలబామాలో మొదటి రికార్డింగ్ గొడవతో మధ్యలో ఆగిపోతే, నిర్మాత జెర్రీ వెక్స్‌లర్ అక్కడి వాద్యకారుల్ని న్యూయార్క్ రప్పించడానికి చెప్పిన సాకు కర్టిస్ ఆల్బమే. 'కింగ్ కర్టిస్ ప్లేస్ ద గ్రేట్ మెంఫిస్ హిట్స్' కోసం రండి అన్నారు. అది చేయించాక, ఎలాగూ వచ్చారుగా అని అరీతా పాటలకి కూర్చోబెట్టారు. సాకుగా పనికొచ్చిన ఆ ఆల్బమ్ కూడా బాగుంటుంది, అదీ విశేషం. తర్వాత కర్టిస్ ఆవిడ బ్యాండుకి నాయకుడయ్యాడు. 1970లో 'గేమ్స్ పీపుల్ ప్లే'కి గ్రామీ వచ్చింది. అందులో గిటార్ డ్యువేన్ ఆల్‌మన్‌ది.

ఇక 1971 మార్చి. శాన్‌ఫ్రాన్సిస్కో, ఫిల్‌మోర్ వెస్ట్ అనే కచేరీ హాలు, మూడు రాత్రులు. ముందు కర్టిస్ తన కింగ్‌పిన్స్‌తో వాయించడం, తర్వాత అదే బ్యాండు అరీతా వెనక నిలబడడం. డ్రమ్స్ మీద బెర్నార్డ్ పర్డీ, బాస్ జెరీ జెమ్మాట్, ఆర్గాన్ బిల్లీ ప్రెస్టన్. 'మెంఫిస్ సోల్ స్టూ' మళ్ళీ వండాడు, ఈసారి ఒక్కొక్క దినుసు పడేటప్పుడూ ఆ వాయించే మనిషి పేరు చెప్పాడు. బతుకంతా చీమ తలకాయ అక్షరాల్లో ఉన్న మనిషి, మైకు చేతికి రాగానే చేసిన పని అది. ఈ రికార్డు నాకు లైబ్రరీలో దొరకలేదు. మా ఆయన ఆన్‌లైన్లో తెప్పించి పుట్టినరోజుకి ఇచ్చారు. పీహెచ్‌డీ మాట అన్నందుకు పరిహారమని నేనే లెక్కేసుకున్నాను.

ఆ ఆల్బమ్ బయటికొచ్చింది ఆగస్టులో. ఆ ఆగస్టు 13 రాత్రి, మాన్‌హట్టన్ పడమటి వైపు 86వ వీధిలో, కర్టిస్ తన అపార్ట్‌మెంట్‌లోకి ఏసీ మోసుకెళ్తున్నాడు. గుమ్మం మెట్ల మీద మత్తుమందులమ్మే మనుషులు అడ్డంగా ఉన్నారు. జరగమన్నాడు. మాటామాటా పెరిగింది. ఒకడు కత్తితో పొడిచాడు. ఆయన ఆ కత్తే లాక్కుని వాణ్ణి తిరిగి పొడిచాడు. ఆస్పత్రికి తీసుకెళ్ళినా ఆయన బతకలేదు. ముప్పై ఏడేళ్ళు.

అరీతా బ్యాండు నాయకుడు, గ్రామీ వచ్చినవాడు, బీటిల్స్‌తో ఊళ్ళు తిరిగినవాడు, ఆగస్టు ఉక్కలో ఏసీ తనే మోసుకుంటున్నాడు. ఎవరికైనా డబ్బులిచ్చి మోయించొచ్చుగా అని ఎన్నిసార్లు విసుక్కున్నానో. ఆయన మీదే విసుగు, ఇంకెవరి మీద చూపించాలి? లాండ్రీ రూములో ఈ మాట అంటే పెద్దావిడ చాలాసేపు మాట్లాడలేదు. డ్రయ్యర్ ఆగాక లేచి, బట్టలు తీస్తూ, "మా ఆయన కూడా అంతే, అన్నీ తనే మొయ్యాలి" అంది.

అంత్యక్రియల రోజు అట్లాంటిక్ ఆఫీసు మూసేశారు. జనం వస్తుంటే కింగ్‌పిన్స్ 'సోల్ సెరెనేడ్' వాయించారు. అరీతా పాడింది, స్టీవీ వండర్ పాడాడు. రెండు వారాలకి ఒక రేడియో కచేరీలో డ్యువేన్ ఆల్‌మన్ ఏదో పాట మధ్యలో ఆగి 'సోల్ సెరెనేడ్' అందుకున్నాడు. గిటార్‌తో శాక్సఫోన్ గొంతు తెచ్చాడు. అక్టోబరులో మోటార్‌సైకిల్ ప్రమాదంలో అతనూ పోయాడు. ఆ రేడియో రికార్డింగ్ నేను వరసగా రెండుసార్లు వినలేను.

ఒక్కటి మిగిలింది. మా ఆయనకి జాన్ లెనన్ అంటే ప్రాణం. వరంగల్ హాస్టల్లో 'ఇమాజిన్' క్యాసెట్ అరిగేదాకా విన్నానని పెళ్ళిచూపుల్లోనే చెప్పారు. ఒకరోజు నా నోటుబుక్ తెచ్చి, "చూడండి, 1971 జులైలో న్యూయార్క్‌లో కర్టిస్ రెండు పాటలకి వాయించాడు. ఆయన పోయాక, సెప్టెంబరులో వచ్చింది ఆ ఆల్బమ్. మీ 'ఇమాజిన్'" అన్నాను.

"అందులో శాక్సఫోన్ ఎక్కడుంది? లేదు. నాకు ప్రతి పాటా కంఠతా వచ్చు" అన్నారు.

సీడీ కార్లో ఉంది. చెప్పులేసుకుని పార్కింగ్ లోకి వెళ్ళారు. నేను రెండో అంతస్తు బాల్కనీలో నిలబడి చూస్తున్నాను. కారు లోపల లైటు వెలిగింది. 'ఇట్స్ సో హార్డ్' ఉండేది రెండున్నర నిమిషాలే, ఆయన మాత్రం పావుగంటైనా రాలేదు. అన్నం చల్లారిపోతోందని కేకేశాను. కారు అద్దం దించి, తల బయటికి పెట్టి, పైకి చూశారు.

"ఉంది" అన్నారు.